ఆటగాళ్ల ప్రశ్నలు: తెలియని ఫూస్‌బాల్ టేబుల్ ముందు నిలబడినప్పుడు

రాడ్లకు బిగించిన బొమ్మలతో బంతిని కొడుతూ టేబుల్ మీద ఆడే ఫుట్‌బాల్, అంటే ఫూస్‌బాల్ గురించి ఈ నెల మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే వచ్చాయి, మూడింటిలోనూ అలవాటు లేని టేబుల్ మీద పోటీపడడం గురించే అడిగారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను కావలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్‌లో ఉన్న ఫూస్‌బాల్ టేబుల్ మీద నేనూ నా గదిమిత్రుడూ రెండేళ్లుగా జంటగా ఆడుతున్నాము. హాస్టల్‌లో మమ్మల్ని ఓడించినవారు తక్కువ. ఆ నమ్మకంతోనే గత నెల చెన్నైలో ఒక పోటీకి వెళ్లాము. అక్కడి టేబుల్‌కూ మాదానికీ పోలికే లేదు. గోలు ముందు ఒక బొమ్మ ఉండవలసిన చోట మూడు బొమ్మలున్నాయి, రాడ్లు ముట్టుకుంటే చాలు జారిపోతున్నాయి, బంతి బొమ్మ పాదానికి అంటుకున్నట్లుగా ఉంది. 5-1, 5-0 తేడాతో వరుసగా రెండు గేములు ఓడి మొదటి రౌండులోనే తిరిగి వచ్చాము. రాడ్డును గిరగిర తిప్పినందుకు రెండుసార్లు ఫౌల్ కూడా ఇచ్చారు. వచ్చే నెల బెంగళూరులో మరో పోటీ ఉంది. అక్కడ ఏ రకం టేబుల్ ఉంటుందో మాకు తెలియదు. రెండేళ్ల సాధన ఒక్క పూటలో ఎలా పనికిరాకుండా పోయింది? ఈ నెల రోజుల్లో మేము ఏం చేయాలి?

జవాబు: మీ సాధన ఎక్కడికీ పోలేదు. మీ చేతులు ఒక టేబుల్ లెక్కలను రెండేళ్లపాటు నేర్చుకున్నాయి, చెన్నైలో మీ ముందున్నది వేరే లెక్కల టేబుల్. ఆ తేడా ఎక్కడెక్కడ ఉంటుందో ముందుగా తెలిస్తే, ఏ ఊరికి వెళ్లినా పది నిమిషాలలో దానిని పసిగట్టవచ్చు. అందుకే మీ రెండో ప్రశ్నకు రాకముందు టేబుళ్ల గురించి కొంచెం వివరంగా చెబుతాను.

క్యారమ్ బోర్డును ఒంగోలులో కొన్నా చెన్నైలో కొన్నా నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలే ఉంటాయి, పోటీల్లో వాడే బోర్డుల కొలతలు ఒకటే. ఫూస్‌బాల్‌కు ఆ సౌకర్యం ఎప్పుడూ లేదు. ఇంగ్లండులో హెరాల్డ్ సెర్ల్స్ థార్న్‌టన్ అనే ఆయన 1921లో టేబుల్ మీద ఆడే ఫుట్‌బాల్‌కు పేటెంటు కోరాడు. ఆ తరువాత ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ, అమెరికాలలోని తయారీదారులు ఎవరి పద్ధతిలో వారు టేబుళ్లు చేసుకుంటూ పోయారు. 2002లో అంతర్జాతీయ టేబుల్ సాకర్ సమాఖ్య ఏర్పడేనాటికి ఒక్కొక్క దేశపు ఆటగాళ్లు తమ టేబుల్‌తో పాటే పెరిగి ఉన్నారు. అందుకని ఆ సమాఖ్య ఒకే టేబుల్‌ను అందరి మీదా రుద్దకుండా ఫ్రాన్సు బొంజినీ, ఇటలీ గార్లాండో, రాబర్టో స్పోర్ట్, జర్మనీ లియోన్‌హార్ట్, అమెరికా టోర్నాడో వంటి భిన్నమైన టేబుళ్ల మీద పోటీలు నడిపింది. ప్రపంచ స్థాయి ఆటగాడికి కూడా తెలియని టేబుల్ మీద ఆడవలసి రావడం ఈ ఆటలో భాగమేనని దీనిని బట్టి మీరు గ్రహించవచ్చు. మీకు జరిగినది అవమానంగా భావించవలసిన విషయం కాదు.

గోలు ముందు నిలబడి కాపాడే బొమ్మను గోలీ అంటాము. చెన్నైలో మీరు చూసిన మూడు బొమ్మల గోలీ అమెరికా పద్ధతి. మీ హాస్టల్ టేబుల్ మీద ఒక్కొక్క జట్టుకు గోలీ రాడ్డు మీద ఒకటి, దాని ముందు రెండు, మధ్యలో ఐదు, ముందు వరుసలో మూడు, మొత్తం పదకొండు బొమ్మలు ఉంటాయి. మూడు గోలీల టేబుల్ మీద పదమూడు ఉంటాయి. ఆ అదనపు రెండు బొమ్మలు ఎందుకు వచ్చాయో తెలిస్తే ఆట సగం అర్థమవుతుంది. గోలీ ఒక్కడే ఉన్నప్పుడు, అతను గోలు ముందు నుంచి మూలల దాకా చేరలేడు కాబట్టి, మూలలో ఆగిన బంతి ఎవరికీ అందదు. దానికి పరిష్కారంగా అటువంటి టేబుళ్లలో చాలావాటికి మూలలను కొంచెం ఎత్తుగా, వాలుగా చేస్తారు. బంతి అక్కడికి వెళ్లినా వాలు మీద నుంచి దొర్లి తిరిగి వస్తుంది. మూడు గోలీల టేబుల్‌లో పక్క బొమ్మలే మూలల దాకా చేరతాయి, కనుక నేల అంతటా సమతలంగా ఉంటుంది.

ఈ ఒక్క తేడా మీ ఆటలో ఎన్ని చోట్ల దెబ్బతీసి ఉంటుందో ఆలోచించండి. మూలలు వాలుగా ఉన్న టేబుల్ మీద మీరు మూలకు పంపిన బంతి తనంతట తాను తిరిగి వస్తుందని మీ కన్ను ఎదురుచూస్తుంది. చెన్నై టేబుల్ మీద అది అక్కడే ఉండిపోయి, ప్రత్యర్థి పక్క గోలీకి తీరికగా దొరికి ఉంటుంది. మీ హాస్టల్ టేబుల్ అంచు పొడుగునా కూడా వాలు ఉంటే, గోడ వెంట పంపిన పాసు కొంచెం లోపలికి ఒరుగుతుంది, మీ ముందు రాడ్డు బొమ్మను ఆ ఒరుగుడుకు తగినట్లుగా నిలపడం మీకు అలవాటై ఉంటుంది. సమతల నేల మీద అదే పాసు గోడను అంటిపెట్టుకుని నేరుగా పోతుంది, మీ బొమ్మ దానికి ఒక అంగుళం ఎడంగా నిలబడి చూస్తూ ఉంటుంది.

మరొక ముఖ్యమైన తేడా బొమ్మల బరువులో ఉంటుంది. కొన్ని టేబుళ్ల బొమ్మలకు తల వైపు, కాలి వైపు బరువు సరితూగేలా చేస్తారు. టోర్నాడో బొమ్మలు ఈ రకానికి చెందినవి. రాడ్డును తిప్పి చేయి వదిలేస్తే బొమ్మ ఆ కోణంలోనే, కాళ్లు పైకి లేచినట్లుగానే, నిలిచిపోతుంది. తూకం లేని బొమ్మలు మాత్రం వదలగానే కాళ్లు కిందికి వేలాడేస్తాయి. ఒక్కరే నాలుగు రాడ్లు ఆడే సింగిల్స్‌లో ఇది చాలా పెద్ద విషయం. వెనక నుంచి గోలుకు కొట్టే ముందు మీ ముందు రాడ్ల బొమ్మలను పైకి లేపి చేయి తీసుకువస్తారు. తూకం లేని టేబుల్ మీద అవి వెంటనే కిందికి జారి మీ షాటును మీ బొమ్మలే అడ్డుకుంటాయి. జంటల ఆటలో అంత ఇబ్బంది ఉండదు కాని, మీ జోడీ తన రాడ్లను పైకి లేపి పట్టుకోవాలన్న సంగతి అతనికి ముందే చెప్పి ఉంచాలి.

ఇక బంతి. బంతి పాదానికి అంటుకున్నట్లు ఉందని మీరు రాశారు. ఆ మాట చదవగానే నాకు పుదుచ్చేరి గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ల కిందట అక్కడ ఒక మిత్రుని ఇంట్లో ఫ్రెంచి పద్ధతి టేబుల్ మీద మొదటిసారి ఆడాను. ఫ్రెంచివారు ఈ ఆటను బేబీఫుట్ అంటారు. ఆ టేబుల్ నేల లినోలియం, బొమ్మలు లోహంతో చేసినవి, బంతి కార్కు. నేను అప్పటివరకు గట్టి ప్లాస్టిక్ బంతితో గోడకు కొట్టి గోలు చేయడంలో పేరు తెచ్చుకున్నవాణ్ణి. కార్కు బంతి గోడకు తగిలి నీరసంగా వెనక్కి వచ్చేది, కొట్టినప్పుడు చప్పుడు కూడా లేదు. సాయంత్రం దాకా ఆడినా ఒక్క గోడ షాటూ పడలేదు. అయితే ఆ మెత్తని బంతినే లోహపు పాదం కింద నొక్కి పట్టి ఎటు కావాలంటే అటు లాగవచ్చునని, రాత్రి భోజనాల వేళకు గాని నాకు తెలియలేదు. నేను ఆ పూటంతా నాకు వచ్చిన ఆటను ఆ టేబుల్ మీద రుద్దుతూ కూర్చున్నాను, ఆ టేబుల్ దేనికి ఒప్పుకుంటుందో ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

కాబట్టి బెంగళూరులో మీకు సాధనకు ఇచ్చే కాసేపట్లో గోల్స్ కొట్టకండి. ఇది ఎంతమందికి చెప్పినా వినని సలహా. టేబుల్ దొరకగానే అందరి చేతులూ మూడు బొమ్మల రాడ్డు మీదికి వెళ్లి తమకు ఇష్టమైన షాటును పదిసార్లు కొట్టి చూస్తాయి, అది పడకపోతే గుండె జారిపోతుంది. మన ఒంగోలు గిత్తలను బండలాగుడు పోటీకి తోలుకువెళ్లే రైతును గమనించండి. గిత్తలను బరిలోకి దించకముందే తాను దిగి మట్టిని కాలితో తొక్కి చూసుకుంటాడు. నేల గట్టిదా, మెత్తదా, తడి ఎక్కడ ఉంది అని చూసుకున్న తరువాతనే కాడి కడతాడు. మీరూ ఆ క్రమాన్నే పాటించాలి.

మొదట బంతిని టేబుల్ మధ్యలోను, నాలుగు మూలల దగ్గర, రెండు గోల్స్ ముందర నిదానంగా వదిలి ఎటు దొర్లుతుందో చూడండి. తరువాత ఒక్కొక్క రాడ్డును చివరి నుంచి చివరి దాకా తోసి, అది ఎంత దూరం పోతుందో, గోడ పక్కన ఉన్న బంతి బొమ్మకు అందుతుందో లేదో చూసుకోండి. అప్పుడు బంతిని బొమ్మ పాదం ముందుభాగం కింద, ఆ పైన వెనుకభాగం కింద నొక్కి పట్టి, అటూ ఇటూ ఒక బెత్తెడు లాగండి. బంతి కదలకుండా నిలుస్తున్నదా, జారిపోతున్నదా అన్నదానిని బట్టే మీరు ఆనాడు ఏ షాటు ఆడాలో నిర్ణయమవుతుంది. పాదం అంచు వెడల్పుగా, చదరంగా ఉంటే కొంచెం పక్కకు తగిలినా బంతి దాదాపు నేరుగానే పోతుంది. పాదం సన్నగా, గుండ్రంగా ఉంటే వెంట్రుకవాసి తేడాకే దారి తప్పుతుంది. ఆ తరువాత మీ ఇద్దరిలో ఒకరు బంతిని తోస్తూ ఉంటే మరొకరు ఊరికే ఆపుతూ ఉండండి. వేగంగా వచ్చే బంతిని ఆపడానికి బొమ్మను ఎంత వంచాలో చేతికి తెలిసేదాకా అదే పని చేయండి. మిగిలిన సమయమంతా ఐదు బొమ్మల రాడ్డు నుంచి మూడు బొమ్మల రాడ్డుకు పాసులు పంపడానికే వెచ్చించండి. షాటుకు చివరి ఒక్క నిమిషం చాలు.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, మీరు చెన్నైలో షాట్లు తప్పడం వల్ల 5-0తో ఓడి ఉండరని నా అనుమానం. బంతి మీ ముందు రాడ్డుకు చేరే ఉండదు. మధ్య రాడ్డు దగ్గర ప్రతిసారీ బంతిని పోగొట్టుకున్న జట్టుకు ఎంత గొప్ప షాటు ఉన్నా ఉపయోగం లేదు.

ఇప్పుడు ఈ నెల రోజుల సంగతి. మీ టేబుల్‌ను మార్చలేరు కాని మీ అలవాటును కదిలించగలరు. రెండు మూడు రకాల బంతులు సంపాదించండి. గట్టి నున్నని బంతితో ఒక రోజు, గరుకు బంతితో మరొక రోజు, దొరికితే కార్కు బంతితో ఇంకొక రోజు ఆడండి. కావలి నుంచి నెల్లూరు రైలులో గంటకు మించని ప్రయాణం. ఆదివారాలు అక్కడి గేమ్ సెంటర్లకో, వేరే కళాశాల హాస్టల్‌కో వెళ్లి వేరే టేబుళ్ల మీద ఆడండి. గెలుపు ఓటముల లెక్క పెట్టుకోకుండా, ఒక కొత్త టేబుల్‌ను అర్థం చేసుకోవడానికి మీకు ఎంతసేపు పడుతున్నదో మాత్రం చూసుకోండి. మూడో ఆదివారానికి ఆ సమయం తప్పకుండా తగ్గుతుంది.

షాట్లలో మీది స్నేక్ షాటో, పుల్ షాటో మీరు రాయలేదు. స్నేక్ షాటులో బంతిని పాదం ముందుభాగంతో నొక్కి పట్టి, మణికట్టుతో హ్యాండిల్‌ను దొర్లించి కొడతారు. అది బొమ్మ పాదానికీ బంతికీ నేలకూ మధ్య ఉండే పట్టు మీద ఆధారపడుతుంది, పట్టులేని టేబుల్ మీద బంతి ముందే జారిపోతుంది. పక్కనే ఉన్న బంతిని తనవైపు లాగి కొట్టే పుల్ షాటుకు, అవతలికి తోసి కొట్టే పుష్ షాటుకు అంత పట్టు అక్కరలేదు. మీకు ఇష్టమైన షాటును వదులుకోమని చెప్పను, కాని దానికి తోడుగా ఈ రెండింటిలో ఒకదానిని ఈ నెలలో నేర్చుకోండి. ఎంత మామూలుగా కనిపించినా, తెలియని టేబుల్ మీద ఆదుకునేది అటువంటి షాటే.

ఫౌళ్ల గురించి. రాడ్డును ఊరికే గిరగిర తిప్పడం పోటీలలో నిషిద్ధం. బంతిని కొట్టక ముందు గాని, కొట్టిన తరువాత గాని రాడ్డు పూర్తిగా ఒక చుట్టుకు, అంటే 360 డిగ్రీలకు మించి తిరగకూడదు. ఐదు బొమ్మల రాడ్డు దగ్గర బంతిని 10 సెకన్లకు మించి, మిగిలిన రాడ్ల దగ్గర 15 సెకన్లకు మించి ఉంచుకోకూడదు. మధ్య రాడ్డు మీద నిలిపిన బంతిని పాసు చేయడానికి ముందు అది రెండు బొమ్మలకు తగలాలి. ఎదుటివారి బొమ్మలు అదిరేలా టేబుల్‌ను కుదిపితే అదీ ఫౌలే. గోలులో పడి ఎగిరి బయటికి వచ్చిన బంతి గోలు కిందే లెక్క. ఈ నియమాలను ఇప్పటి నుంచే హాస్టల్‌లో పాటించండి, సెల్‌ఫోనులో గడియారం పెట్టుకుని ఆడండి. మీ స్నేహితులు మొదట విసుక్కుంటారు, అయినా మానవద్దు.

చివరగా, సాధారణంగా ఒక్కొక్క గేముకు ఒక్కొక్క జట్టుకు 30 సెకన్ల చొప్పున రెండు టైమ్‌అవుట్‌లు ఉంటాయి. చాలామంది వాటిని ఆఖరి పాయింట్ల కోసం దాచుకుంటారు. కొత్త టేబుల్ మీద ఒకదానిని తొందరగా, రెండు గోల్స్ పడగానే, వాడేయండి. ఆ అర నిమిషంలో జోడీతో ఒక్క విషయమే మాట్లాడుకోండి: ఈ టేబుల్ మీద ఇప్పటిదాకా ఏది పనిచేసింది? అది ఎంత చిన్నదైనా తరువాతి బంతి నుంచి దానినే ఆడండి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఒంగోలు. నేనూ మా చెల్లెలూ కలిసి ఫూస్‌బాల్ జంటగా ఆడతాము. ఒక గోలీ ఉండే టేబుల్ మీద నేను వెనక, తను ముందు ఆడడం అలవాటు. ఈమధ్య మూడు గోలీల టేబుల్ మీద ఆడవలసి వచ్చినప్పుడు నా చేతిలో నుంచే రెండుసార్లు బంతి మా గోలులోకి వెళ్లింది. కొత్త టేబుల్ మీద స్థానాలు మార్చుకుని ఆడడం మంచిదా? అసలు వెనక ఆడేవారు దేనిని సరిచేసుకోవాలి?

జవాబు: అమ్మా, మూడు గోలీల టేబుల్‌కు మొదటిసారి వచ్చిన వెనక ఆటగాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేశారు. మూలలో బంతి దొరకగానే పక్క గోలీతో దానిని మధ్యకు లాగుకుని, అక్కడి నుంచి ముందుకు కొడదామని చూసి ఉంటారు. ఆ దారి మీ గోలు నోటి ముందు నుంచే పోతుంది. పక్క గోలీకి దొరికిన బంతిని లోపలి వైపుకు తీసుకురావద్దు. ఉన్నచోటు నుంచే గోడ వెంట ముందుకు పంపండి, లేదా మెల్లగా ముందున్న రెండు బొమ్మల రాడ్డుకు అందించి అక్కడ నిలుపుకోండి. ఆ అందించే పాసు ఒక్కదానినే పావుగంట సాధన చేస్తే ఈ ఇబ్బంది దాదాపు తీరిపోతుంది.

రక్షణలో మరొక విషయం ఉంది. గోలు ముందు మూడు బొమ్మలు కనిపించేసరికి గోలు బాగా మూసుకుపోయిందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి గోలుకు అడ్డు నిలిచేది నడిమి బొమ్మ ఒక్కటే, పక్క రెండూ మూలల కోసమే ఉన్నాయి. కాబట్టి మీ పాత టేబుల్ మీద మాదిరిగానే నడిమి గోలీని, రెండు బొమ్మల రాడ్డులో ఒక బొమ్మను ఒకదాని వెనక ఒకటి దాగకుండా పక్కపక్కన నిలిపి, ఆ జంట గోడను మెల్లగా అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. గోలు వెడల్పంతా రెండు బొమ్మలతో మూయడం సాధ్యం కాదు, ఏదో ఒక సందు మిగులుతుంది. ఆ సందు ఎక్కడ ఉంటుందో ఎదుటివారికి తెలియకుండా మార్చుతూ ఉండడంలోనే మీ పని అంతా ఉంది. అలాగే, కొత్త టేబుల్ మీద బంతి ఎంత వేగంగా వస్తుందో తెలియనంతవరకు కదలికలను చిన్నవిగా ఉంచండి. రాడ్లు మరీ జారుడుగా ఉన్నప్పుడు చేయి అవసరానికి మించి పోతుంది.

స్థానాల మార్పు గురించి. పాయింటు పడిన తరువాత, టైమ్‌అవుట్‌లో, గేముల మధ్య జోడీలు స్థానాలు మార్చుకోవచ్చు, కనుక ముందే ఒక నిర్ణయానికి కట్టుబడనక్కరలేదు. అయితే ఎవరు ముందు ఆడాలన్నది ఎవరి షాటు గట్టిదన్న దానిని బట్టి నిర్ణయించుకోవద్దని నా అభిప్రాయం. ముందు ఆడేవారి చేతిలో ఐదు బొమ్మల రాడ్డు కూడా ఉంటుంది. ఆ పూట, ఆ టేబుల్ మీద, మీ ఇద్దరిలో ఎవరు బంతిని ఐదు బొమ్మల రాడ్డు దగ్గర నిలుపుకుని ముందుకు అందించగలుగుతున్నారో వారు ముందు ఉండాలి. సాధన సమయంలో ఇద్దరూ చెరొక పది పాసులు పంపి, ఎన్ని అందాయో లెక్కపెట్టుకోండి. చెల్లెలికి మూడు, మీకు ఏడు అందితే మీరు ముందుకు రావడమే న్యాయం. తను నొచ్చుకోకుండా ఇంటి దగ్గరే ఈ ఒప్పందం చేసుకుని బయలుదేరండి.

చేతి చెమట సంగతి మీరు అడగలేదు కాని, మన ఎండల్లో ఆడేవారికి చెప్పక తప్పదు. కొత్త టేబుల్ హ్యాండిల్ చెక్కదైతే ఒక రకంగా, నున్నని ప్లాస్టిక్‌దైతే మరొక రకంగా జారుతుంది. హ్యాండిల్‌కు చుట్టుకునే రబ్బరు పట్టీలను, చేతి తొడుగులను సాధారణంగా అనుమతిస్తారు. మీ పట్టీ మీ సంచిలో ఉంటే, మారిన టేబుల్ మీద కూడా మీ చేతికి తెలిసిన వస్తువు ఒక్కటైనా ఉంటుంది.

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్ దగ్గర మేము నలుగురం మిత్రులం కలిసి ఒక చిన్న గేమ్ రూము నడుపుతున్నాము. సంక్రాంతి సెలవుల్లో ఫూస్‌బాల్ పోటీ పెట్టాలనుకుంటున్నాము. ఒంగోలు, తిరుపతి నుంచి కూడా జట్లు వస్తామంటున్నాయి. మా టేబుల్ మీద బంతి ఒక వైపుకు ఒరుగుతుంది, రాడ్లు బిగుసుకుపోతున్నాయి. కొబ్బరినూనె రాయమని ఒకరు చెప్పారు. బయటి నుంచి వచ్చేవారికి అన్యాయం జరగకుండా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: బయటివారి గురించి మీకు ఈ ఆలోచన రావడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. పై రెండు ఉత్తరాలు చదివితే నిర్వాహకులు చేయగల మేలు ఎంత ఉందో మీకు తెలుస్తుంది.

కొబ్బరినూనె రాయవద్దు. అది కొన్ని రోజులకే చిక్కబడి దుమ్మును పట్టుకుంటుంది, రాడ్డు ఇంకా బిగుస్తుంది. ముందుగా పొడి గుడ్డతో రాడ్లను శుభ్రంగా తుడిచి, స్వచ్ఛమైన సిలికాన్ నూనెను ఒకటి రెండు చుక్కలు రాడ్డు టేబుల్ గోడలోకి దూరే చోట మాత్రమే వేసి, నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, మిగిలినదానిని తుడిచేయండి. నూనె నేల మీదికి, బంతి మీదికి చేరకూడదు. సముద్రం దగ్గర ఊళ్లలో గాలి తేమకు ఉక్కు రాడ్లు తొందరగా తుప్పు పడతాయి, కాబట్టి రోజూ ఆట ముగిశాక తుడిచి టేబుల్ మీద గుడ్డ కప్పండి. టేబుల్‌ను కిటికీ పక్కన ఉంచవద్దు.

బంతి ఒరగడానికి కారణం చాలాసార్లు టేబుల్‌లో ఉండదు, గది నేలలో ఉంటుంది. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, ఆడే నేల మీద నిలువునా అడ్డంగా పెట్టి చూడండి. టేబుల్ కాళ్ల కింద తిప్పి సర్దే మరలు ఉంటే వాటితోను, లేకపోతే పలుచని చెక్కముక్కలతోను మట్టం చేయండి. పోటీ రోజు ఉదయం మరొకసారి చూడాలి, ఎందుకంటే మనుషులు ఆనుకుని ఆడే ఆటలో టేబుల్ కదులుతుంది.

ఇక న్యాయం విషయం. వస్తామన్న ప్రతి జట్టుకూ కనీసం రెండు వారాల ముందు మీ టేబుల్ ఫోటోలు పంపండి. గోలీలు ఎందరు, మూలలు వాలుగా ఉన్నాయా, బంతి గట్టిదా మెత్తదా అన్న మూడు సంగతులు రాస్తే చాలు, కావలి అబ్బాయిల వంటివారు సగం సిద్ధమై వస్తారు. ఏ నియమాలు పాటిస్తారో కూడా తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి పంపండి. పోటీ రోజున బయటి జట్లకు ఒక్కొక్కదానికి పది నిమిషాలు తగ్గకుండా సాధన సమయం ఇవ్వండి. మీ రూములో రోజూ ఆడే జట్లకు ఆ ఉదయం సాధన అక్కరలేదు. ఆ సమయాన్ని కూడా బయటివారికే ఇస్తే ఎవరూ తప్పుపట్టరు. ఏ వైపు నిలబడాలి, మొదటి బంతి ఎవరిది అన్నవి నాణెం ఎగరవేసి తేల్చండి. టాస్ గెలిచినవారు రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు, రెండోది ఎదుటివారికి దక్కుతుంది.

ఒకే రకం బంతులు అరడజను కొని, సాధనకు, మొదటి రౌండుకు, ఫైనల్‌కు అవే వాడండి. రాడ్లకు నూనె వేయడం ముందురోజు రాత్రికే ముగించండి. వచ్చినవారు సాధనలో అర్థం చేసుకున్న టేబుల్ మీదే సాయంత్రం దాకా ఆడగలగాలి. కాబట్టి మధ్యలో ఎవరైనా రాడ్డు బిగుసుకుందని చెబితే, ఆ మ్యాచ్ ముగిసేదాకా ఆగి, తరువాత ఆడబోయే రెండు జట్లకూ చెప్పి, వారి ఎదుటే సరిచేయండి.